సీటు ముందు, పాయింట్లు తర్వాత: హైదరాబాద్ నుంచి మైల్స్‌తో ఫస్ట్ క్లాస్ ఎక్కే దారి

‘నా కార్డులో లక్షా నలభై వేల పాయింట్లున్నాయి, లండన్‌కి ఫస్ట్ క్లాస్ వస్తుందా?’ మాదాపూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో నెలకొకరైనా నన్ను ఈ మాట అడుగుతారు. ఏ విమానంలో, ఏ తేదీన సీటు కనిపించింది అని నేను తిరిగి అడుగుతాను. అక్కడితో మాట ఆగిపోతుంది. పాయింట్లు కూడబెట్టడం ఇప్పుడు చాలామందికి వచ్చు. కొరతంతా సీట్లకే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏ380లో సూట్లు, అంటే తలుపున్న ఫస్ట్ క్లాస్ గదులు, ఆరంటే ఆరే. క్యాథే పసిఫిక్ 777లో ఫస్ట్ సీట్లు కూడా ఆరే. లుఫ్తాన్సా 747-8 ముక్కు భాగంలో ఎనిమిది. వాటిలో మైల్స్‌కి (కార్డు పాయింట్లని పంపితే ఎయిర్‌లైన్ ఖాతాలో పడేవి) వదిలేది ఏ ఒకటో రెండో, అవీ అన్ని రోజులూ కావు. అందుకే ఈ లెక్క వెనక నుంచి చేయాలి. మొదట సీటు, దాన్నిబట్టి మైల్స్ ప్రోగ్రాం, ఆఖరున కార్డు.

1. విమానం రకం చూడండి

శంషాబాద్‌లో ఎక్కిన విమానంలోనే ఫస్ట్ క్లాస్ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఫస్ట్ ఉండేది 777-300ఈఆర్‌లో, సూట్లు ఏ380లో. ఏ350, 787, 737 రకాల్లో ఫస్ట్ లేనే లేదు. లుఫ్తాన్సా 2024 జనవరిలో హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ నేరు విమానం మొదలుపెట్టింది. అది 787, అందులో బిజినెస్సే ఆఖరి మెట్టు. క్యాథేకి ఫస్ట్ 777-300ఈఆర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. కాబట్టి మన ఊరి నుంచి హబ్ (ఆ ఎయిర్‌లైన్ విమానాలు మారే ప్రధాన విమానాశ్రయం) దాకా బిజినెస్, హబ్ నుంచి దూర ప్రయాణానికి ఫస్ట్, రెండూ ఒకే టికెట్ మీద. మనకి సాధారణంగా కుదిరే అమరిక ఇదే. నాలుగైదు గంటల మొదటి ముక్కలో ఫస్ట్ లేకపోతే పోయేదేమీ లేదు. అసలు పడక, అసలు భోజనం రెండో ముక్కలోనే.

లండన్‌కి నేరుగా వెళ్ళే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విషయంలో మాత్రం ఆరోజు విమానం రకం చూడాలి. వాళ్ళ 787-9, 787-10లలో ఎనిమిది ఫస్ట్ సీట్లుంటాయి, 787-8లో ఒక్కటీ ఉండదు. బుక్ చేసేటప్పుడు సీట్ మ్యాప్ తెరిస్తే తెలిసిపోతుంది. బుక్ చేశాక విమానాన్ని మార్చే హక్కు ఎయిర్‌లైన్‌కి ఉంటుంది కనుక నెలకోసారి మళ్ళీ తెరిచి చూస్తుండండి.

ఖతార్ గురించి అడిగేవాళ్ళకి ఒక మాట. వాళ్ళ ఫస్ట్ ఏ380లో మాత్రమే ఉంది. తలుపు పెట్టిన వాళ్ళ క్యూసూట్ పేరుకి బిజినెస్సే గానీ, నన్నడిగితే కొన్ని ఎయిర్‌లైన్ల పాత ఫస్ట్ సీట్ల కంటే అదే నయం. ఫస్ట్ అన్న పేరు కోసం రెట్టింపు మైల్స్ తగలేయకండి.

2. ఎవరి మైల్స్‌తో ఎవరి సీటు

కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఎయిర్‌లైన్ వేరు, మైల్స్ ప్రోగ్రాం వేరు. ఎతిహాద్ సీటుని కెనడావాళ్ళ ఏరోప్లాన్ పాయింట్లతో కొనొచ్చు. క్యాథే సీటుకి వాళ్ళ ఏషియా మైల్సే కాకుండా భాగస్వామి ప్రోగ్రాముల మైల్స్ కూడా పనికొస్తాయి. కానీ కొన్ని తలుపులు బయటివాళ్ళకి మూసే ఉంటాయి.

సింగపూర్ సూట్లు భాగస్వాములకి ఇవ్వరు. వాళ్ళ సొంత ప్రోగ్రాం క్రిస్‌ఫ్లయర్ మైల్స్ ఉంటేనే. మన దేశపు కార్డుల్లో చాలావాటి నుంచి క్రిస్‌ఫ్లయర్‌కి పాయింట్లు పంపొచ్చు కాబట్టి హైదరాబాదీలకి ఇది దగ్గరి దారి. అక్కడ మైల్స్‌కి 3 ఏళ్ళ గడువు.

ఎమిరేట్స్ ఏ380 ఫస్ట్‌లో స్నానాల గది ఉంటుందని అందరికీ తెలుసు, షవర్‌లో నీళ్ళు ఐదు నిమిషాలే అని కొందరికి తెలుసు. కానీ 2025 మే నుంచి ఫస్ట్ క్లాస్ రివార్డ్ టికెట్ (మైల్స్‌తో తీసే టికెట్) కొనాలంటే వాళ్ళ మైల్స్ ప్రోగ్రాం స్కైవార్డ్స్‌లో కనీసం సిల్వర్ హోదా ఉండాలని నియమం పెట్టారు. సిల్వర్‌కి 25,000 టియర్ మైల్స్ కావాలి, అవి ఎగిరితేనే వస్తాయి, కార్డు పాయింట్లు పంపితే రావు. ఆ సంగతి చూసుకోకుండా పాయింట్లు అటు పంపినవాళ్ళు నాకు తెలుసు.

ఎతిహాద్ ఏ380లో అపార్ట్‌మెంట్లు అని పిలిచే ఫస్ట్ గదులు తొమ్మిది. కూర్చునే కుర్చీ వేరు, పడుకునే బల్ల వేరు, షవర్ కూడా ఉంది. అబుదాబి నుంచి లండన్, న్యూయార్క్ దారుల్లో ఆ విమానం తిరుగుతోంది. ఏరోప్లాన్‌తో కొంటే సర్‌చార్జీ (పన్నులపైన ఎయిర్‌లైన్ అదనంగా వేసే రుసుము) వేయరు. పైగా అమెరికా, కెనడా బయట ఎక్కడైనా దారిలో ఆగాలంటే 5,000 పాయింట్లు అదనంగా కడితే ఒకవైపు టికెట్ మీదే ఆగనిస్తారు.

లుఫ్తాన్సా ఫస్ట్ భాగస్వాములకి దొరికితే చివరి రెండు వారాల్లోనే దొరుకుతుంది. పిల్లల సెలవులకి ముడిపెట్టుకున్నవాళ్ళకి అది కుదరదు. సెలవు చెప్పకుండా పెట్టగలిగే బ్రహ్మచారులకి బాగుంటుంది.

3. కార్డు లెక్క, ఉన్నదున్నట్టు

దూర ప్రయాణపు ఫస్ట్‌కి ఒకవైపు సుమారు లక్ష మైల్స్ దగ్గర మొదలవుతుంది. తక్కువ రేటు సీట్లు అయిపోయాక రెండు లక్షలు దాటినా ఆశ్చర్యం లేదు. ఇప్పుడు మన వైపు లెక్క చూద్దాం. హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియాని తీసుకుంటే రూ.150 ఖర్చుకి 5 పాయింట్లు. ఇంటి ఖర్చు నెలకి రూ.80,000 కార్డు మీద గీకితే నెలకి 2,666, ఏడాదికి 32,000. అంటే లక్షకి మూడేళ్ళు పైమాటే. వాళ్ళ స్మార్ట్‌బై సైటు ద్వారా హోటళ్ళు, టికెట్లు కొంటే పాయింట్లు కొన్ని రెట్లు పడతాయి, దానికీ నెలవారీ పరిమితి ఉంటుంది. ఆ మూడేళ్ళని ఏడాదిన్నరకి తెచ్చేది ఆ రెట్లే, మామూలు గీకుడు కాదు.

ఇంకో దారి హోటల్ పాయింట్లు. మారియట్ బాన్‌వాయ్‌లో 3 పాయింట్లకి 1 మైలు వస్తుంది. ఒకేసారి 60,000 పంపితే 5,000 కలిపి 25,000 మైల్స్ ఇస్తారు. కాస్త తక్కువ పడినప్పుడు చివరి మెట్టు ఎక్కడానికి పనికొస్తుంది, మొత్తం మెట్లకీ కాదు.

కార్డు తీసుకునేముందు దేనికి పాయింట్లు రావో చదవండి. ఇంటద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం, పెట్రోలు వంటివాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వడం మానేశాయి, లేదా పరిమితి పెట్టాయి. మరో సంగతి: బిల్లు మొత్తం గడువులోగా కట్టలేని నెల ఒక్కటి ఉన్నా ఈ ఆట మనది కాదు. నెలకి 3.5 శాతం దరిదాపుల్లో పడే వడ్డీ ముందు ఏ సూటూ నిలవదు.

కూడబెట్టి పెట్టుకుందాం, పిల్ల పెళ్ళయ్యాక హనీమూన్‌కి ఇద్దాం అనుకునేవాళ్ళున్నారు. మైల్స్ ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదండీ. 2023 సెప్టెంబరులో యాక్సిస్ బ్యాంకు మాగ్నస్ కార్డు బదిలీ రేటు 5 పాయింట్లకి 4 మైల్స్ నుంచి 2 మైల్స్‌కి పడిపోయింది. ఒక్క దెబ్బతో సగం. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయాక ఆ మైల్స్ పట్టుకుని తిరిగినవాళ్ళు మన ఊళ్ళోనే ఎందరో. రెండేళ్ళలో వాడే ప్రయాణం పేరు చెప్పగలిగితేనే కూడబెట్టండి.

4. ఇంటిపేరు దగ్గర ఆగండి

వేరే భాషల గైడుల్లో ఇది ఉండదు. మనకి మాత్రం ఇదే పెద్ద గండం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరం. లేదా పాస్‌పోర్టులో ‘వెంకట నాగ సూర్యనారాయణ’ అంతా కలిసి ఒకే గడిలో ఉంటుంది, కార్డు మీద ‘వీఎన్ సూర్య’ అని ఉంటుంది. బ్యాంకు నుంచి మైల్స్ ప్రోగ్రాంకి పాయింట్లు పంపాలంటే రెండు చోట్లా పేరు కలవాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టుతో కలవాలి. అంటే మూడూ ఒకటై ఉండాలి.

నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. ఒక ప్రోగ్రాంలో చాలా ఏళ్ళ కింద ఇంటిపేరుకి పొడి అక్షరం ఇచ్చి ఖాతా తెరిచాను. సీటు కనిపించిన రోజు పాయింట్లు పంపితే మధ్యలో ఆగిపోయాయి. పాస్‌పోర్టు కాపీ పంపించి, మెయిళ్ళు రాసి, ఫోన్లో పాట విని, పేరు సరిచేయించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు చూస్తే సీటు లేదు. ఖాతా తెరిచిన రోజే, ఒక్క మైలూ లేనప్పుడే పేరు సరిచేయించుకుంటే పది నిమిషాల పని.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు అయితే ఇంకా జాగ్రత్త. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. అమ్మానాన్నల పాత పాస్‌పోర్టులు ఇలా ఉండటం మామూలే. దుబాయ్, అబుదాబి దారి పట్టేముందు తీసి చూడండి.

అమ్మానాన్నల పేరు వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. మీ మైల్స్‌తో ఇంకొకరికి టికెట్ తీయాలంటే కొన్ని ప్రోగ్రాముల్లో ముందే వాళ్ళని నమోదు చేయాలి. క్రిస్‌ఫ్లయర్‌లో ఐదుగురి దాకా నామినీలు. అత్తగారిని మరచిపోతే ఆ సంగతి ఇంట్లో మీరే చూసుకోవాలి.

5. సీటు వేట

రెండు కాలాల్లో సీట్లు కనిపిస్తాయి. బుకింగ్ తెరిచిన రోజు ఒకటి, ప్రయాణానికి ముందు చివరి రెండు మూడు వారాలు ఒకటి. సింగపూర్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 355 రోజుల ముందు తెరుస్తాయి, క్యాథే 360 రోజుల ముందు. 355 అంటే ఏడాదికి పది రోజులు తక్కువ. వచ్చే డిసెంబరు 20 ప్రయాణానికి ఈ డిసెంబరు 30న తెరుచుకుంటుందన్నమాట. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి అది గ్రీన్విచ్ అర్ధరాత్రి, మనకి తెల్లవారుజామున 5:30. పాలపాకెట్లు వచ్చే వేళ. వాళ్ళు ప్రతి దూర విమానంలో రివార్డ్ సీట్లకి హామీ ఇస్తారు గానీ ఆ హామీ ఫస్ట్‌కి వర్తించదు. దక్కితే దక్కినట్టు.

వెతికే పద్ధతి చెబుతాను. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ అని మొత్తం దారి కొట్టి ‘లేదు’ అని చూసి లేచిపోకండి. దూరపు ముక్కని విడిగా వెతకండి. సింగపూర్–లండన్, అబుదాబి–న్యూయార్క్, హాంకాంగ్–లండన్, ఇలా ముక్క ముక్కగా. ఒకవైపుకే, ఒకరికే. నలుగురికి కలిపి వెతికితే సీట్లు రెండే ఉన్నా సున్నా చూపిస్తుంది. దూరపు ముక్క దొరికాక హైదరాబాద్ ముక్క కలిపి చూడండి. కలిపినప్పుడు మాయమైతే ఫోన్ చేసి అడగండి. వెబ్‌సైటు కలపలేనిది ఒక్కోసారి ఏజెంటు కలపగలరు.

సీట్స్ డాట్ ఏరో వంటి సైట్లలో ఒకేసారి నెలల తేదీలు చూడొచ్చు, అలర్టు పెట్టుకోవచ్చు. కానీ వాటి సమాచారం కొన్ని గంటల పాతది కావచ్చు. అక్కడ కనిపించింది ఎయిర్‌లైన్ సైటులో కనిపించేదాకా నమ్మకండి. ఎయిర్‌లైన్ సైటులో కూడా పేజీ ముందుకు తీసుకెళ్ళి, పన్ను మొత్తం చూపించే దాకా వెళ్ళండి. దెయ్యం సీట్లు అక్కడే రాలిపోతాయి. సీటు ఉన్నట్టే ఉంటుంది, నొక్కితే ఉండదు.

క్రిస్‌ఫ్లయర్‌లో సేవర్ సీటు (తక్కువ మైల్స్ రేటుది) లేకపోతే వెయిట్‌లిస్ట్ పెట్టుకోవచ్చు. పెట్టండి, దాన్నే నమ్ముకుని కూర్చోకండి. బిజినెస్‌లో ఖాయమైన టికెట్ ఒకటి చేతిలో ఉంచుకుని సూట్‌కి వెయిట్‌లిస్ట్ పెట్టడం నా అలవాటు.

6. బదిలీ

ఇది చిన్న మెట్టు, కానీ జారితే మళ్ళీ ఎక్కలేం. బ్యాంకు నుంచి ఎయిర్‌లైన్‌కి వెళ్ళిన పాయింట్లు వెనక్కి రావు. సీటు కళ్ళతో చూసి, పన్ను మొత్తం చూసి, అప్పుడు పంపండి. కొన్ని బదిలీలు నిమిషాల్లో పడతాయి, కొన్నింటికి రోజులు పడతాయి. రోజులు పట్టే ప్రోగ్రాం అయితే ఫోన్ చేసి సీటు పట్టి ఉంచుతారేమో అడగండి. వచ్చే ఏడాది ప్రయాణమని ముందే కొద్దిగా, ఒక వెయ్యి పాయింట్లు పంపి దారి తెరిచి ఉందో లేదో, పేరు కలిసిందో లేదో చూసుకోవడం మంచిది.

7. ‘ఉచితం’ ఖరీదు

రివార్డ్ టికెట్ అంటే ఉచితం అని ఇంట్లో చెప్పకండి, తర్వాత మాట పడాలి. పన్నులు, విమానాశ్రయ రుసుములు ఎలాగూ కట్టాలి. వాటిపైన కొన్ని ఎయిర్‌లైన్లు సర్‌చార్జీ వేస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఇందులో పేరుమోసింది. లండన్‌లో మొదలయ్యే ప్రయాణానికి అక్కడి ప్రభుత్వపు ప్రయాణికుల సుంకం తోడవుతుంది, అది ఎకానమీ కంటే పై తరగతులకి ఎక్కువ. లండన్‌లో 24 గంటల్లోపు విమానం మారి వెళ్ళిపోతే ఆ సుంకం పడదు.

లెక్క ఇలా వేసుకోండి. డబ్బుతో కొంటే రూ.4,50,000 అనుకుందాం. మైల్స్ టికెట్‌కి 1,50,000 మైల్స్, రూ.30,000 పన్నులు. రూ.4,20,000ని లక్షన్నరతో భాగిస్తే మైలుకి రూ.2.80. చూడ్డానికి ఘనంగా ఉంది. కానీ రూ.4,50,000 పెట్టి మీరు ఆ టికెట్ ఎన్నడైనా కొనేవారా? నేనైతే కొనను. అందుకే ఆ పాయింట్లతో ఎన్ని ఎకానమీ, బిజినెస్ టికెట్లు వచ్చేవో కూడా పక్కనే రాసుకుంటాను. అది చూశాక కూడా ఫస్టే కావాలనిపిస్తే, అది సరదా. సరదాకి లెక్క అక్కర్లేదు.

పన్నుల మొత్తం డాలర్లలో పడితే కార్డు 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీకి అదనపు రుసుము), దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది. మార్కప్ తక్కువున్న కార్డుతో కట్టండి.

8. వీసాలు

చిలుకూరు ప్రదక్షిణలు, నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ క్యూ మనవాళ్ళకి తెలియనివి కావు. తెలియనిది ట్రాన్సిట్ వీసా. టికెట్ సస్తాగా వచ్చిందని దారి మార్చుకుంటే ఆ దారిలోని దేశం అడిగే కాగితం మారుతుంది. హీత్రూలో విమానం మారడానికి కూడా భారతీయులకి ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా వంటివి ఉంటే మినహాయింపు. రెండు విడి టికెట్ల మీద వెళ్తుంటే ఇంకో తలనొప్పి. సామాను తీసుకుని బయటికొచ్చి మళ్ళీ చెకిన్ చేయాల్సి వస్తే ఆ దేశంలోకి రానిచ్చే వీసా కావాల్సి రావచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్ళు ఆగరు, మైల్స్ గాల్లో కలుస్తాయి. హైదరాబాద్ ముక్క ఒకే టికెట్‌లో ఉండాలని నేను మొదట్నుంచీ పట్టుబట్టేది ఇందుకే.

9. ఎక్కేముందు, ఎక్కాక

సీటు ఎంపిక వదిలేయకండి. సింగపూర్ ఏ380లో ఇద్దరు కలిసి వెళ్తే 1ఏ, 2ఏ లేదా 1ఎఫ్, 2ఎఫ్ తీసుకోండి. మధ్య గోడ దించితే రెండు పడకలూ కలుస్తాయి. మూడో వరుసలో అది కుదరదు.

భోజనం 24 గంటల ముందే చెప్పాలి. సింగపూర్‌వాళ్ళ ‘బుక్ ది కుక్’లో వంటకం పేరుతో సహా ఎంచుకోవచ్చు. శాకాహారులు మెనూలో ఏదో ఒకటి ఉండకపోతుందా అని ఊరుకోకండి. ఏవీఎంఎల్ అంటే భారతీయ శాకాహారం, వీజేఎంఎల్ అంటే జైన భోజనం. మొదటిదే అడగండి, రెండోదానిలో ఉల్లిపాయ ఉండదు. ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టకండి. చాంగీలో గేటు దగ్గరే మళ్ళీ తనిఖీ ఉంటుంది. హైదరాబాద్‌లో దాటినా అక్కడ దొరికిపోతుంది. చెకిన్ చేసే సూట్‌కేసులో పెట్టండి.

లాంజ్ కోసం హబ్‌లో నాలుగు గంటలైనా ఉండేలా చూసుకోండి. చాంగీ టెర్మినల్ 3లో సూట్లు, ఫస్ట్ ప్రయాణికులకి ప్రైవేట్ రూమ్ అని వేరే గది ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుఫ్తాన్సా ఫస్ట్‌వాళ్ళకైతే ఏకంగా వేరే టెర్మినలే. అక్కడి నుంచి విమానం దాకా కారులో తీసుకెళ్తారు. గంటన్నర కనెక్షన్ పెట్టుకుని పరిగెత్తితే కట్టిన మైల్స్‌లో కొంత అక్కడే వదిలేసినట్టు.

లండన్‌లో ఉన్న చెల్లి దగ్గరికి మొన్నటి సారి అమ్మని ఇలాగే తీసుకెళ్ళాను. 1ఏలో ఆమె, 2ఏలో నేను. ఆమె చెప్పులు తలుపు బయట విడిచి లోపలికొచ్చింది. వద్దన్నా వినలేదు. వాటిని ఎవరూ తొక్కకుండా ఒకమ్మాయి తీసి లోపల పెట్టింది. గోడలోంచి పడక దించి దుప్పటి పరిచారు. అమ్మ దాని అంచు మీద కూర్చుని, ‘ఇది ఎవరికిరా’ అంది. నీకే అన్నాను. కాసేపటికి కుర్చీలోకి వెళ్ళి, కాళ్ళు పైకి మడుచుకుని అక్కడే నిద్రపోయింది. లక్షకి పైగా మైల్స్ పోసిన పడక మీద ఆమె హ్యాండ్‌బ్యాగు, శాలువా పడుకున్నాయి. మధ్యలో లేచి మజ్జిగ కావాలంది. పెరుగు, నీళ్ళు, ఉప్పు విడివిడిగా తెచ్చిస్తే తనే గ్లాసులో చెంచాతో కలుపుకుంది.

తిరుగు ప్రయాణం ఎకానమీలో. పాయింట్లు అంతవరకే ఉన్నాయి.